చేపల తొట్టి నీళ్ళు

అద్దకం షెడ్డు, మేడ మీద గది
ఫిబ్రవరి

పెద్దాఫీసరు మరిదికి,

మీరంతా వచ్చి గేటుకు పచ్చ బోర్డు బిగించి వెళ్ళి వారమైంది. ఈ వారంలో నేను గేటు దగ్గరికి ఎన్నిసార్లు వెళ్ళానో అడక్కు. ఏదో పని ఉన్నట్టు వెళ్ళడం, తలెత్తి చూడడం, తిరిగి రావడం. మన వాచ్‌మన్ కనిపెట్టేశాడు. "అమ్మా, బోర్డు ఎక్కడికీ పారిపోదు, నేను చూస్తుంటాను కదా" అన్నాడు. సిగ్గేసింది గానీ సాయంత్రం మళ్ళీ వెళ్ళాను.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. చేస్తే సగం మాటలు మోటార్ల మోతలో కొట్టుకుపోతాయి, మిగతా సగం మీ అన్నయ్య నా చేతిలోంచి ఫోను లాక్కుని వ్యాపారం కబుర్లతో నింపేస్తాడు. అందుకే ఈ ఉత్తరం.

నువ్వు మొదటిసారి ఈ పథకం సంగతి చెప్పినప్పుడు నవ్వాను, గుర్తుందా? నిబంధన అడిగిన దానికంటే మిన్నగా నీళ్ళు శుభ్రం చేస్తే ప్రభుత్వం పచ్చ బోర్డు ఇస్తుంది, కరెంటులో రాయితీ ఇస్తుంది, మాటిమాటికీ తనిఖీలకు రాదు అన్నావు. తప్పు చేస్తే చెవి మెలేసే సర్కారును చూశాం గానీ, బాగా చేస్తే వీపు తట్టే సర్కారు ఎక్కడుంది మరిదీ అన్నాను. ఆపైన నువ్వు పెట్టిన ఆ చేపల షరతు ఒకటి! రంగునీళ్ళు శుద్ధి అయ్యాక చేపల తొట్టిలోంచి పారాలి, ఏడాది పొడుగునా ఆ చేపలు బతకాలి. "కాగితాలు ఎవరైనా రాయించుకోవచ్చు వదినా, చేప మాత్రం లంచం తీసుకోదు" అన్నావు. ఆ మాట ఇప్పుడు మా షెడ్డులో అందరి నోటా నానుతోంది.

ఏడాది బతికాయి. మా చేపలు బతికాయి! మామయ్య చలవే. రిటైరైన పైపుల మేస్త్రీకి చేపల మీద అంత ప్రేమ ఎక్కడ దాక్కుందో తెలీదు. పొద్దున్నే తొట్టి దగ్గరే, సాయంత్రమూ అక్కడే. ఇంకొకళ్ళని దగ్గరికి రానివ్వడు. బోర్డు రోజున ఇస్త్రీ చొక్కా వేసుకుని తొట్టికి కాపలా నిలబడ్డాడు చూశావా?

నువ్వేమో తొట్టిలో చెయ్యి ముంచి, చంటిపిల్లాడిలా వేళ్ళు నోట్లో పెట్టుకున్నావు. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. ఉపన్యాసంలో కూడా తడబడ్డావు. వదిన ఘనతకు మరిదికి నోట మాట రాలేదని నేను అందరికీ చెప్పుకుంటున్నాను. నిజం అదేనా?

ఒక్కటే మనసుకు కాస్త బాధ. గోడవతల దుప్పట్లకు రంగులేసే బాబాయి తొట్టిలో చేపలు మళ్ళీ చచ్చిపోయాయి. ఆయన్ను కూడా పిలిచాను. వచ్చాడు, చప్పట్లు కొట్టాడు, టీ తాగకుండానే వెళ్ళిపోయాడు.

నీ వదిన


ప్రభుత్వ కార్యాలయం, మూడో అంతస్తు
మార్చి

షెడ్డు మహారాణి వదినకు,

నీ ఉత్తరం ఆఫీసులో నలుగురికీ చదివి వినిపించాను. వాచ్‌మన్ మాటకు మా పెద్దాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆయన నవ్వడం ఈ అంతస్తులో ఎవరూ చూసి ఎరగరు.

చేపల షరతు పెట్టినప్పుడు ఇదే గదిలో నన్ను ఎంత ఏడిపించారో నీకు తెలీదు. నా బల్ల మీద కాగితంతో చేసిన చేపను పెట్టి వెళ్ళేవారు. ఏడాది తిరిగేసరికి ఏ షెడ్డులోనూ చేప బతకలేదు, ఒక్క మీ తొట్టిలో తప్ప. ఇప్పుడు పథకం గురించి పుస్తకం వేస్తున్నారు. అట్ట మీద మీ తొట్టి ఫొటో, పక్కన నాన్న. ఎంపిక చేసింది కమిటీయే, బంధువునని నేను చర్చలో కూర్చోలేదు, కాబట్టి ఎవరూ వేలెత్తి చూపలేరు.

ఆగస్టులో మిగతా అద్దకం వాళ్ళందరినీ బస్సులో మీ షెడ్డుకు తీసుకురావాలని అనుకుంటున్నారు. ఎలా చేశారో కళ్ళారా చూస్తే వాళ్ళకీ దారి తెలుస్తుందని.

వేళ్ళు నోట్లో పెట్టుకున్నానా? అంత జనంలో నువ్వు అది కూడా చూశావన్నమాట. ఎండకు గొంతెండిపోయింది వదినా, అంతే. ఉపన్యాసం సంగతి అడక్కు, నాకు మైకు పడదు.

నాన్నకు మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? చేపలంటూ అస్తమానం వంగి కూర్చోవద్దని చెప్పు.

నీ మరిది


అద్దకం షెడ్డు
ఏప్రిల్

మరిదీ,

ఈ మధ్య నేను పంతులమ్మనయ్యాను. నా శిష్యుడు ఎవరనుకున్నావు, దుప్పట్ల బాబాయి!

మొన్న గోడ మీంచి పలకరించడం కాదు, గేటులోంచే లోపలికి వచ్చాడు. చెప్పులు బయటే వదిలి, చేతులు కట్టుకుని నిలబడి, "అమ్మాయ్, నీ దగ్గర నేర్చుకోవడానికి నాకు నామోషీ లేదు. ఎలా బతికించావో చెప్పు" అన్నాడు. నా కళ్ళు ఎంత నెత్తికెక్కి ఉన్నాయో అప్పుడే తెలిసింది. కుర్చీ వేయించడం కూడా మరిచిపోయి పాఠం మొదలుపెట్టేశాను.

అన్నీ చూపించాను. రంగునీళ్ళు చేరే గుంట, సున్నం కలిపే చోటు, పటిక, తేర్చే తొట్టి, ఇసుక వడపోత, బొగ్గు వడపోత. ఆయన ప్రతిదీ ముట్టుకుని చూశాడు. "ఇవన్నీ నా దగ్గరా ఉన్నాయి కదమ్మా" అన్నాడు. నేనేమన్నానో తెలుసా? "ఉండడం వేరు, శ్రద్ధ వేరు బాబాయ్" అన్నాను. నా నోటి దురుసు నీకు తెలిసిందే.

చేపల తొట్టి చూడబోతే మామయ్య అడ్డు నిలబడ్డాడు. "కొత్తవాళ్ళను చూస్తే అవి బెదిరిపోతాయి" అన్నాడు. చేపలు బెదరడమేంటో! ఎన్నేళ్ళుగానో పక్కపక్కనే ఉన్న మనిషి కొత్తవాడెలా అయ్యాడో! బాబాయి చిన్నబుచ్చుకుని దూరం నుంచే చూసి వెళ్ళిపోయాడు.

ఆయన బొగ్గంతా మార్చాడు. అప్పు తెచ్చి ఇంకో తేర్చే తొట్టి కట్టించాడు. కొత్త చేపలు వేశాడు. అవీ పోయాయి. మా రంగుల కుర్రాళ్ళు ఆ షెడ్డుకు చేపల శ్మశానం అని పేరు పెట్టారు. విని నేను కూడా నవ్వాను, దాచడమెందుకు. ఆయన దుప్పట్లు కొనే పెద్ద వ్యాపారి ఒకడు పచ్చ బోర్డు చూసి ఇప్పుడు మన దగ్గరికి వచ్చాడు. మీ అన్నయ్య ఎగిరి గంతేశాడు. నాకు మాత్రం ఆ రోజు అన్నం సరిగ్గా సహించలేదు.

నువ్వోసారి వచ్చి బాబాయి షెడ్డు చూస్తావా? తప్పెక్కడుందో నీకు తెలుస్తుందేమో.

నీ వదిన


ప్రభుత్వ కార్యాలయం
మే

వదినా,

పని ఒత్తిడిలో రెండు ముక్కలే రాస్తున్నాను. బాబాయి షెడ్డుకు నేను రాలేను, పద్ధతి కాదు. నువ్వు కూడా ఆయనకు మరీ విడమరిచి చెప్పకు. ప్రతి షెడ్డు నీళ్ళూ వేరు.

ఇంకో మాట. మీ షెడ్డు చేయగలిగినప్పుడు మిగతావాళ్ళు ఎందుకు చేయలేరని పైవాళ్ళు అడుగుతున్నారు. ఇప్పుడు బహుమతిగా ఉన్నది రేపు అందరికీ నిబంధన కావచ్చు. ఇంకా ఖాయం కాలేదు. ఎవరితోనూ అనకు.

మరిది


అద్దకం షెడ్డు, మేడ మీద గది
జూలై

మరిదీ,

ఈ ఉత్తరం రాయాలని కూర్చోవడం, లేవడం, ఇదే పనిగా ఉంది. నీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేను. నీకు చెప్పడానికీ ముఖం చెల్లడం లేదు.

సోమవారం తాగునీళ్ళ మోటారు కాలిపోయింది. ఇంట్లో చుక్క నీరు లేదు. షెడ్డుకు వేరే బోరు ఉంది కాబట్టి అద్దకం మామూలుగా నడుస్తోంది, శుద్ధి చేసిన నీళ్ళు కాలువలోకి ధారగా పోతున్నాయి. నేను బిందె పట్టుకుని పక్కింటికి బయల్దేరాను. దారిలో మామయ్య ఎదురొచ్చాడు. రెండు చేతులా రెండు బకెట్లు, చొక్కా అంతా తడిసిపోయి, మోకాళ్ళు వణుకుతూ. ఇంటికి నీళ్ళు మోస్తున్నాడు కాబోలు, ఈ వయసులో ఆయనకెందుకీ కష్టం అనుకుని బకెట్ అందుకోబోయాను. ఇవ్వలేదు. నేరుగా చేపల తొట్టి దగ్గరికి వెళ్ళి అందులో పోశాడు.

నేనూ వెనకాలే వెళ్ళాను. తొట్టిలో నీళ్ళు సగానికి పడిపోయాయి. చేపలు అడుగున ఒకదాన్నొకటి రాసుకుంటూ తిరుగుతున్నాయి. తొట్టిలోకి వచ్చే పైపు ఎండిపోయి ఉంది.

మరిదీ, షెడ్డు నీళ్ళు ఆగలేదు. మరి తొట్టి పైపు ఎందుకు ఎండాలి?

ఆ ఎండిన పైపు మీద చెయ్యి వేశాను. ఆయన బకెట్ కింద పెట్టి గట్టు మీద కూర్చున్నాడు.

"మొదటి రోజు వేసిన చేపలన్నీ మధ్యాహ్నానికే వెల్లకిలా తేలాయమ్మా" అన్నాడు. "నువ్వు బొగ్గు కొనడానికి వెళ్ళావు. తిరిగొచ్చి చూస్తే నీ మనసు విరిగిపోద్దని, పరుగెత్తికెళ్ళి వేరే చేపలు తెచ్చాను. అవీ చస్తాయేమోనని తాగునీళ్ళ పైపు ఇటు కలిపాను. రెండ్రోజులకే అనుకున్నాను. నీళ్ళు బాగుపడ్డాక మళ్ళీ మార్చేద్దామనుకున్నాను. ఈలోగా నువ్వు అందరికీ చెప్పుకోడం మొదలెట్టావు. నీ ముఖంలో ఆ వెలుగు చూశాక నా చెయ్యి ఆడలేదు. పైపులు కలపడం తప్ప నాకింకేం వచ్చమ్మా?"

భూమిలో ఎంత చక్కగా పాతాడో చూపించాడు. మేస్త్రీ పని కదా, అతుకు ఎక్కడుందో కనిపించదు. శుద్ధి చేసిన నీళ్ళు తొట్టి వైపు రాకుండా, నేరుగా కాలువలోకి పోయేలా ఒక వాల్వు. అది మూసి ఉంది. మొదటి నుంచీ మూసే ఉంది.

ఆయన్ను తిట్టలేదు. తిడదామని నోరు తెరిస్తే బాబాయితో నేనన్న మాట గుర్తొచ్చింది. ఉండడం వేరు, శ్రద్ధ వేరు అన్నాను. తల కొట్టేసినట్టయింది.

ఇంకా ఏమైనా ఆశ ఉందేమోనని మన నీళ్ళు ఒక గంగాళంలో పట్టి ఓ చేపను వేశాను. సాయంత్రానికి పోయింది. మామయ్య దాన్ని చేతిలోకి తీసుకుని అటు తిరిగి నిలబడ్డాడు.

ల్యాబు కాగితాల ప్రకారం మన నీళ్ళు నిబంధన దాటలేదు. అది నిజమే. కానీ నిబంధన కంటే గొప్పవీ కావు. బాబాయి నీళ్ళు ఎలాంటివో మనవీ అలాంటివే. బోర్డు మాత్రం మన గేటుకు ఉంది, వ్యాపారి మన దగ్గరికి వచ్చాడు, శ్మశానమనే పేరు ఆయన షెడ్డుకు వచ్చింది. వచ్చే నెల బస్సు నిండా మనుషులొచ్చి నా తొట్టి చూసి నేర్చుకుంటారట. ఆ తర్వాత అదే అందరి నెత్తినా నిబంధనై కూర్చుంటుంది.

మీ అన్నయ్యకు చెప్పాను. "వాల్వు తిప్పింది చూసినవాడు ఎవడూ లేడు, నోరు మూసుకో" అన్నాడు.

నేనేం చెయ్యాలి? నువ్వు చెప్పినట్టు చేస్తాను.

నీ వదిన


ప్రభుత్వ కార్యాలయం
జూలై

గౌరవనీయులైన వదినగారికి,

మీ ఉత్తరం అందింది. టైపు చేసి పంపుతున్నందుకు ఏమీ అనుకోవద్దు, చేతికి కాస్త నొప్పిగా ఉంది.

మీ షెడ్డు నుంచి వెలువడే నీరు నిబంధనల పరిమితిలోనే ఉన్నట్టు ప్రయోగశాల నివేదికలు ఉన్నాయి. కాబట్టి చట్టరీత్యా మీరు చేసిన తప్పేమీ లేదు. చేపల తొట్టి అనేది ఒక అదనపు సూచిక మాత్రమే. అందులో సాంకేతిక మార్పులు చేయాల్సి ఉంటే సందర్శన పూర్తయ్యాక, తగిన సమయంలో, క్రమంగా చేపట్టవచ్చు. ఈలోగా యథాతథ స్థితి కొనసాగించడం అన్ని విధాలా శ్రేయస్కరం.

నాన్నగారి వయసును, ఆరోగ్యాన్ని దృష్టిలో ఉంచుకోవలసిందిగా మనవి. ఈ ఉత్తరం చదివాక చించివేయగలరు.

ఇట్లు


అద్దకం షెడ్డు
జూలై

గౌరవనీయులైన మరిదిగారికి,

నేను పెళ్ళై ఈ ఇంటికి వచ్చిననాటికి నీకు నిక్కరు గుండీలు పెట్టుకోవడం రాదు. నన్ను మీరు అని ఏనాడైనా పిలిచావా? ఈ గారూ, మనవీ, శ్రేయస్కరమూ ఎవరికోసం? నా మరిది ఉత్తరం ఇది కాదు. ఎందుకిలా రాశాడని ఆలోచిస్తూ షెడ్డులోకి వెళ్ళాను.

తాగునీళ్ళ మోటారు బాగు చేయించాం. తొట్టి మళ్ళీ నిండింది. అందులో వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాను. మంచినీళ్ళే. తర్వాత కాలువలోకి పోయే మన నీళ్ళలో వేలు ముంచాను. ఉప్పు!

రంగు పట్టాలంటే బస్తాల కొద్దీ ఉప్పు పోస్తాం. సున్నానికీ పటికకూ ఇసుకకూ బొగ్గుకూ రంగు పోతుందేమో గానీ ఉప్పు పోదు. ఈ సంగతి నాకు తెలీదా? తెలుసు. మరి ఇన్నాళ్ళలో ఒక్కసారైనా తొట్టిలో ఎందుకు వేలు ముంచలేదు? ముంచబుద్ధి కాలేదు. పొగడ్త అంత కమ్మగా ఉంది. మామయ్య దాచాడు సరే, నేను వెతకలేదు. నా సిగ్గు అదీ.

అయితే ముంచినవాడు ఒకడున్నాడు. బోర్డు రోజున, అందరి ముందూ, నేను చూస్తుండగా. ఈ చదువు చదివినవాడు, ఉప్పు సంగతి నాకంటే బాగా తెలిసినవాడు. ఆపైన ఉలుకూ పలుకూ లేకుండా అయిపోయాడు. గొంతెండిందని నాకు రాశాడు.

మరిదీ, నీకు ఆ రోజే తెలుసా? అవునా కాదా, ఒక్క మాట చాలు. టైపు చెయ్యకు.

వదిన


ఇంట్లో, వంటింటి బల్ల మీద
ఆగస్టు

వదినా,

అవును.

నాలిక మీద పడగానే తెలిసింది. ఆ నీళ్ళలో ఉప్పు లేదు. అద్దకం షెడ్డులో ఉప్పు లేని నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయో తెలియడానికి ఎంతసేపు? తలెత్తి చూస్తే నాన్న నన్నే చూస్తున్నాడు. చిన్నప్పుడు నేను అబద్ధమాడితే ఆయన అలాగే చూసేవాడు, నేను తల దించుకునేవాణ్ణి. ఆ రోజు ఆయన దించుకున్నాడు. ఆ తర్వాత నేనూ దించుకున్నాను. మా ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు. ఇప్పటికీ లేదు. అందుకే నేను ఇంటికి రావడం మానేశాను, నీకు మోకాళ్ళ నొప్పి గురించి రాస్తూ వచ్చాను.

నోరెందుకు మెదపలేదంటే ఏం చెప్పను? బోర్డు బిగించే మనిషి అప్పటికే నిచ్చెన ఎక్కి ఉన్నాడు. ఫొటోలు తీసేవాళ్ళు వచ్చేశారు. నా పథకానికి ఉన్న ఒక్క షెడ్డూ మీది. అది కూడా పోతే పథకం మూసేస్తారు, నా బల్ల మీద మళ్ళీ కాగితం చేపలు పెడతారు. అంత గొప్ప కారణం కాదు కదూ? రాస్తుంటే ఇంకా చిన్నదైపోతోంది.

నాన్న నీకోసం చేశాడు. నేను నాకోసం చేశాను. బాబాయి అప్పు చేశాడని నువ్వు రాసినప్పుడు ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆయన తప్పు లేదని చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. ఆ ఒక్క వాక్యం రాయకుండా, ఆయనకు విడమరిచి చెప్పకు అని నీకు రాశాను. అన్నింటికన్నా దానికే నాకు సిగ్గుగా ఉంది వదినా.

వచ్చే వారమే బస్సు. నీకు ఏది మంచిదనిపిస్తే అది చెయ్యి. నిన్ను ఆపను. నేనూ వస్తాను, వచ్చి నీ పక్కన నిలబడతాను.

నీ మరిది


అద్దకం షెడ్డు, మేడ మీద గది
ఆగస్టు

మరిదీ,

నువ్వు రాలేదు. నీకోసం వేసిన కుర్చీ చివరిదాకా ఖాళీగానే ఉంది. జ్వరమని మీ పెద్దాయన చెప్పాడు. తగ్గిందా?

ఏం జరిగిందో నువ్వు తెలుసుకోవాలి కాబట్టి రాస్తున్నాను.

బస్సు దిగినవాళ్ళంతా మర్యాదగా వరసలో నిలబడ్డారు. దుప్పట్ల బాబాయి అందరికంటే వెనక ఉన్నాడు. మాట్లాడడానికి ముందే రాసి పెట్టుకున్నాను గానీ కాగితం మడిచి పక్కన పెట్టేశాను. రెండు గిన్నెలు పెట్టించాను. ఒకదాంట్లో చేపల తొట్టి నీళ్ళు, ఇంకోదాంట్లో కాలువలోకి పోయే మన నీళ్ళు. ఇంకో చేపను చంపి చూపించడానికి నాకు చేతులు రాలేదు. రెండింట్లోనూ వేలు ముంచి నాలిక మీద పెట్టుకోమన్నాను. ఏదో కొత్త పరీక్ష అనుకుని నవ్వుతూ వచ్చారు. అందరూ అద్దకం వాళ్ళే. ఒక్కొక్కళ్ళ నవ్వూ ఆగిపోవడం చూస్తూ నిలబడ్డాను.

"ఈ చేపలు బతికింది తాగే నీళ్ళలో. నా నీళ్ళూ మీ నీళ్ళలాంటివే. ఈ బోర్డు నాది కాదు" అన్నాను.

మామయ్య ముందుకొచ్చి, "పైపు కలిపింది నేను, మా కోడలికి తెలీదు" అన్నాడు. ఎవరూ అడగకుండానే తవ్వి చూపించడానికి పలుగు తెచ్చుకున్నాడు. మీ పెద్దాయన వద్దని చెయ్యి పట్టుకున్నాడు. మీ అన్నయ్య లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు.

అప్పుడు బాబాయి వచ్చాడు. తొట్టి దగ్గరికి ఇన్నాళ్ళకి ఆయనకు దారి దొరికింది. గట్టు మీద కూర్చుని చేపల్ని చూశాడు. "అయితే నేను చంపలేదన్నమాట" అన్నాడు. "మా ఇంట్లో ఆడవాళ్ళు కూడా నా చేతిలోనే ఏదో ఉందన్నారమ్మా. నేనూ నిజమే కాబోలనుకున్నా."

కాళ్ళ మీద పడదామనుకున్నాను. ఆయన తలెత్తి అడిగాడు, "నీకు ఎప్పుడు తెలిసింది?"

"పోయిన నెల" అన్నాను.

"మరి ఇన్నాళ్ళూ?"

మరిదీ, నిన్ను అడుగుతున్నాను, ఉత్తరం కోసం చూస్తున్నాను, సమయం రాలేదు అనుకుంటూ రోజులు గడిపాను. గోడవతల మనిషి దగ్గరికి వెళ్ళడానికి సమయం ఎంత కావాలి? ఆయన చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. గేటు దగ్గర ఎదురుపడితే ఇప్పుడు నా వంక చూడడం లేదు. దుప్పట్ల వ్యాపారికి నేనే కబురు పెట్టి వెనక్కి ఆయన దగ్గరికే పంపాను.

బస్సు వెళ్ళాక మామయ్య నిచ్చెన వేసుకుని బోర్డు విప్పాడు. పాతబడిన గేటు మీద ఆ మేరకు రంగు కొత్తగా ఉంది. వాచ్‌మన్ ఇప్పుడు నాతో జోకులేయడం లేదు. అదే కష్టంగా ఉంది.

నీ పేరు నేను ఎత్తలేదు. నీ మీద జాలితో కాదు. అది నీ నోటితో నువ్వు చెప్పుకోవలసిన మాట. నేను చెప్పేస్తే నీకు మిగలదు.

వదిన


ఇంట్లో
సెప్టెంబరు

వదినా,

జ్వరం లేదు. బస్సు ఎక్కడానికి కాళ్ళు రాలేదు.

నీ ఉత్తరం అందిన మర్నాడు పెద్దాయన గదిలోకి వెళ్ళి చెప్పాను. బోర్డు బిగించే ముందే నాకు తెలుసని చెప్పాను. ఆయన "ఆవిడ ఆ రోజు మీ పేరు చెప్పలేదే" అన్నాడు. అది దెబ్బ కంటే గట్టిగా తగిలింది. పుస్తకం ఆపేశారు. అందరికీ నిబంధన చేసే మాట పక్కన పెట్టారు. పథకం ఉంటుంది, చేపల తొట్టీ ఉంటుంది, నీళ్ళ నమూనా మాత్రం ఇకమీదట తొట్టిలోంచీ కాలువలోంచీ రెండు చోట్లా తీసి పోల్చి చూస్తారు. నేను మాత్రం ఆ బల్ల దగ్గర ఉండను. సీసాలు పట్టుకుని షెడ్లు తిరిగే పనికి మార్చారు. బంధువునని మీ షెడ్డుకు ఇంకొకరు వస్తారు. మీ వీధిలో నాకు పడింది బాబాయి షెడ్డు.

ఆయన గేటు దగ్గర ముందు నా పేరు చెప్పాలి. ఆ తర్వాత ఆ రోజు నా నాలిక మీద పడిన రుచి చెప్పాలి. సీసా ఆ తర్వాతే తీస్తాను. లోపలికి రానిస్తే.

ఆ పని అయ్యాక మన ఇంటికి రావచ్చా?

మరిది


అద్దకం షెడ్డు
సెప్టెంబరు

మరిదీ,

రా. కానీ బాబాయి దగ్గరికి వెళ్ళకుండా మాత్రం రాకు. ఆయన తిడితే తిట్టించుకో. తిట్టకపోతే ఇంకా కష్టం, అదీ ఓర్చుకో.

మామయ్య తాగునీళ్ళ పైపు తవ్వి తీసేశాడు, వాల్వు తెరిచాడు. తొట్టిలో ఇప్పుడు మన నీళ్ళే పారుతున్నాయి. చేపల్ని స్నానాల గదిలో పాత టబ్బులోకి మార్చాడు. వాటి ముందు స్నానం చేయడానికి మీ అన్నయ్య సిగ్గుపడుతున్నాడు. ఈ ఇంట్లో ఆయనకు దేనికైనా సిగ్గు వేసింది కదా అని నేను నవ్వుకుంటున్నాను.

మామయ్య మాత్రం సాయంత్రాలు ఇంకా ఆ చేపల్లేని తొట్టి గట్టు మీదే కూర్చుంటున్నాడు. నీ గురించి అడగడు. నీ ఉత్తరం వస్తే మాత్రం నేను చదివేదాకా పక్కనే తచ్చాడుతుంటాడు.

నువ్వు వచ్చాక ముందుగా ఇంట్లోకి రావద్దు. నేరుగా వెళ్ళి ఆయన పక్కన కూర్చో. తొట్టిలో చెయ్యి ముంచి నాలిక మీద పెట్టుకో. ఉప్పగానే ఉంటుంది. ఆ మాట ఆయనకు వినపడేలా పైకి చెప్పు. ఆ రోజు చెప్పలేదు కదా.

నీ వదిన